కంపెనీవారు ఒప్పుకోరండీ

దానం కొత్త సైకిలు కొని పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజుల్లో అతను దాన్ని తొక్కింది మూడేసార్లు. మొదటిసారి అమలాపురంలో కొట్టు దగ్గర్నుంచి ఇంటికి. రెండోసారి ఆదివారం ఇంటి దగ్గర్నుంచి చర్చికి. మూడోసారి సోమవారం పొద్దున్న ఇంటి దగ్గర్నుంచి బడికి. బడి వరండా పక్కన స్టాండు వేసి, తాళం బిగించి, తాళంచెవి జేబులో వేసుకుని పదడుగులు వేశాడో లేదో, హెడ్మాస్టరు వెంకటరమణగారు గదిలోంచి బయటికొచ్చి అరచెయ్యి చాపారు.

"దానం, తాళం," అన్నారు.

"ఆయ్," అని దానం తాళంచెవి ఆ చేతిలో పెట్టేశాడు. అతను ఆలోచించుకునేలోపే పంతొమ్మిదేళ్ళ అటెండరు ఉద్యోగం ఆ మాట అనేసింది.

మామిడికుదురుకి మూడు మైళ్ళ దూరంలో, కాలవ ఒడ్డున ఉన్న హైస్కూలది. హెడ్మాస్టరుగారిల్లు ఊరికి ఆ చివర. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాలి. వారానికోసారి కొబ్బరితోటలో కాయల దింపు తీయించాలి. అయినా సొంతంగా సైకిలు కొనాలన్న ఆలోచన ఆయనకెప్పుడూ రాలేదు. బడిలో ఎవరిదో ఒక సైకిలు ఉంటూనే ఉండేది. ఆయన మంచివారే. సైకిలు తిరిగిచ్చేటప్పుడు "బావుందోయ్ నీ బండి" అని భుజం తట్టేవారు కూడా.

ఆయన తరవాత గుమాస్తా మాణిక్యాలరావు. బ్యాంకు పనంటూ మామిడికుదురు వెళ్ళి, ఆ పక్కనే ఉన్న అత్తవారింట్లో టిఫిను చేసి వచ్చేవాడు. ఆ తరవాత డ్రిల్లు మాస్టరు పోలిరాజు. ఆయనకి సొంత సైకిలుంది. దాన్ని ఆయన బావమరిది తొక్కేవాడు. అందువల్ల పోలిరాజు దానం సైకిలు తొక్కేవాడు.

హెడ్మాస్టరుగారు ఆరడుగుల మనిషి. మాణిక్యాలరావు సంతకాల రిజిస్టరు అందుకోవాలన్నా మునివేళ్ళ మీద నిలబడాలి. పోలిరాజు ఇద్దరికీ మధ్య రకం. అందుకని దానం జేబులో ఎప్పుడూ ఒక పానా ఉండేది. ఒకరికోసం సీటు ఎత్తేవాడు, ఇంకొకరికోసం దించేవాడు. మరలు విప్పి బిగించి, విప్పి బిగించి, తళతళలాడే సీటు గొట్టం మీద అప్పుడే గీతలు పడిపోయాయి. గంట కొట్టడం, కుండల్లో నీళ్ళు పోయడం, నోటీసు పుస్తకం పట్టుకుని తరగతి తరగతికీ తిరగడం, టపా తీసుకుని పోస్టాఫీసుకి వెళ్ళడం, వీటికి సీటు ఎత్తడం దించడం కూడా ఒక ఉద్యోగం కింద జతపడింది.

గురువారం మధ్యాహ్నం టపా సంచీ భుజానికేసుకుని దానం నడుచుకుంటూ పోస్టాఫీసుకి బయల్దేరాడు. జూలై నెల. చినుకు పడి ఆగింది, గట్టు మీద మట్టి చెప్పులకి అంటుకుంటోంది. సగం దూరం వెళ్ళేసరికి ఎదర తాటిచెట్టు కింద మాణిక్యాలరావు కనిపించాడు. సైకిలు చైను ఊడిపోయింది. మనిషి చెయ్యి పెట్టకుండా, చైను దానంతటదే ఎక్కుతుందేమోనన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

దానాన్ని చూడగానే అతని మొహం విప్పారింది. కొత్త బండి కదా, అప్పుడే చైను వదులేమిటి, చూసుకుని కొనక్కర్లేదా అని మందలించాడు. దానం సంచీ పొడి చోట పెట్టి, గొంతుక్కూర్చుని, చైను పళ్ళ మీద పెట్టి పెడలు వెనక్కి తిప్పి ఎక్కించాడు. మాణిక్యాలరావు సైకిలెక్కి, ఎండ రాకముందే వెళ్ళాలని చెప్పి, వెళ్ళిపోయాడు. దానం నల్లటి చేతుల్ని గడ్డికి రాసుకుని నడిచి పోస్టాఫీసుకి వెళితే, రిజిస్టరు కవరు మీద వేలిముద్రలు పడ్డాయని పోస్టుమాస్టరు చివాట్లు పెట్టాడు.

సాయంత్రం ఇంటికి నడిచొచ్చిన మొగుణ్ణి చూసి రాహేలు నవ్వింది. అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతోంది. రెండు అరచేతుల మధ్యా పీచు గరగరమంటూ తాడయిపోతోంది.

"సైకిలేది?" అంది.

పోలిరాజుగారు రేపు పొద్దున్న తెస్తారని దానం చెప్పాడు.

"ఇవ్వనని చెప్పడానికి నీకు నోరు లేదేవయ్యా?"

"ఉంది. కానీ నా నోరు వాళ్ళకి అలవాటైపోయింది," అన్నాడు దానం.

అదేం మాటో రాహేలుకి అర్థం కాలేదు. దానానికీ పూర్తిగా అర్థం కాలేదు గానీ, నిజమే చెప్పానని మాత్రం అనిపించింది.

మర్నాడు అమలాపురం నుంచి ప్రకాశరావు అనే ఇన్సూరెన్సు ఏజెంటు బడికి వచ్చాడు. టెర్లిన్ చొక్కా, చంకలో రెక్సిన్ సంచీ. విరామంలో టీచర్లందరి దగ్గరికీ వెళ్ళి, కాళ్ళూ చేతులూ విరిగితే డబ్బొచ్చే పాలసీ గురించి చెప్పాడు. అందరూ శ్రద్ధగా విని వచ్చేనెల చూద్దామన్నారు. అతను వరండాలోకి వచ్చి మంచినీళ్ళడిగాడు. దానం కుండలోంచి ముంచి ఇచ్చి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. పోలిరాజు అప్పుడే తెచ్చిచ్చిన సైకిలుకి అంటిన బురద తుడిచి, కొబ్బరినూనె గుడ్డతో రిమ్ములు రుద్దుతున్నాడు.

"కొత్తదాండీ?" అన్నాడు ప్రకాశరావు. అని, గ్లాసు పక్కన పెట్టి, సైకిలుకి కూడా ఇన్సూరెన్సు ఉంటుందని మొదలెట్టాడు. "మీ పేరేవిటన్నారండీ, దానంగారా?"

ఆ బడిలో దానం పేరు చివర 'గారు' వినబడటం అదే మొదలు. అందుకోసమైనా అతను గుడ్డ పట్టుకునే కూర్చుని విన్నాడు. దొంగతనం జరిగితే డబ్బిస్తారు. నిప్పంటుకుంటే ఇస్తారు. పిడుగు పడితే ఇస్తారు. ప్రమాదమైతే బాగుచేయిస్తారు.

"కొబ్బరికాయ పడితేనండీ?" అన్నాడు దానం.

ప్రకాశరావు తన కాయితంలో చూసుకున్నాడు. పిడుగుంది, భూకంపం ఉంది, అల్లర్లున్నాయి. కొబ్బరికాయ లేదు. ఆ కాయితం రాసినవారెవరో కోనసీమలో కాపరం చేసినవారు కాదు. కాసేపాలోచించి, అది ప్రమాదం కిందికే వస్తుందని చెప్పాడు. కాయ తనంత తాను రాలితే ప్రమాదమే, మరి దింపు తీసేవాడు కోసి పడేస్తేనో అని దానం అడిగాడు. అది వాడి మనసులో ఏముందో దాన్నిబట్టి ఉంటుందన్నాడు ప్రకాశరావు. పంటు మీద గోదావరి దాటుతుంటే సైకిలు నీళ్ళలో పడితేనో? మీరు దాని మీద ఉన్నారా, పక్కన ఉన్నారా అని ప్రకాశరావు ఎదురడిగాడు. పంటు మీద సైకిలెక్కి కూర్చునే వెర్రివాడెవడుంటాడండీ అన్నాడు దానం. అయితే కంపెనీకి రాసి కనుక్కుని చెబుతానన్నాడు.

ఇంత ఓపిగ్గా ప్రశ్నలు వేసే మనిషి ఊరికే వదిలిపెట్టడని ప్రకాశరావుకి అనుభవం. పాలసీలు రెండు రకాలని వివరించాడు. చిన్నది పన్నెండు రూపాయలు. పెద్దది పద్దెనిమిది. తేడా ఏమిటంటే, పెద్దదాంట్లో సైకిలు ఎవరు తొక్కుతుండగా దెబ్బతిన్నా కంపెనీ చూసుకుంటుంది. చిన్నదాంట్లో అలా కుదరదు. సొంతదారు ఒక్కడే తొక్కాలి. ఇంకొకరికిస్తే పాలసీ చెల్లదు.

దానం చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఇంకోళ్ళకి ఇవ్వకూడదని కాయితంలోనే రాస్తారాండీ?"

"రాస్తారండీ. అందుకే నేను పెద్దది తీసుకోమనేది."

"ఇంగ్లీషులోనా అండీ?"

"అంతా ఇంగ్లీషేనండీ."

"సీలుంటదాండీ?"

సీలుంటుంది, సంతకముంటుంది, కంపెనీ పేరు పైన నీలంరంగు అక్షరాల్లో అచ్చయి ఉంటుందని ప్రకాశరావు చెప్పాడు. చెప్పి, మళ్ళీ పెద్ద పాలసీ గొప్పలు ఎత్తుకున్నాడు. చిన్న పాలసీలో ఉన్న లోపాలన్నీ ఒక్కొక్కటే విడమరిచాడు. ఒక్కో లోపం చెబుతున్నకొద్దీ దానం మొహం వెలిగిపోయింది. ఇంత అందమైన లోపాలు అతను జన్మలో వినలేదు. చిన్నదే కావాలని పట్టుబట్టాడు. లోపం చూసి ముచ్చటపడే ఖాతాదారుణ్ణి ప్రకాశరావు కూడా ఎక్కడా చూడలేదు. చేసేది లేక ఫారం తీశాడు. దానం నేలమీద వెల్లకిలా పడుకుని, పెడళ్ళ దగ్గర చెక్కిన నంబరు ఒక్కో అంకే చదివి చెప్పాడు. యజమాని పేరు దగ్గర 'నేలపూడి దానం' అని సంతకం పెట్టాడు.

ఎనిమిదోరోజున పోస్టాఫీసులో టపా సంచీలో వేసుకుంటుంటే పొడుగాటి కవరొకటి తగిలింది. దాని మీద తన పేరే టైపు కొట్టి ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ సంచీలో వేలకి వేల ఉత్తరాలు మోశాడు. తన పేరున్నది ఇదే మొదటిది. గట్టు మీద కూర్చుని, అంచు చిరగకుండా విప్పాడు. నీలం అక్షరాలున్నాయి. సీలుంది. సంతకం కూడా, ఎవరికీ అర్థంకాని పెద్ద సంతకం. లోపల మూడు పేజీల నిండా చీమల బారులా అచ్చు. అంత సన్నగా రాశారంటే అది గట్టి మాటే అయి ఉంటుందని తృప్తిపడ్డాడు. ప్లాస్టిక్ కాయితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే మాణిక్యాలరావు అరచెయ్యి చాపాడు.

దానం తాళంచెవి ఉన్న జేబులో కాకుండా రెండో జేబులో చెయ్యి పెట్టాడు.

"నాకు ఇవ్వాలనే ఉందండీ. కంపెనీవారు ఒప్పుకోరండీ," అని కాయితం తీసి చూపించాడు.

మాణిక్యాలరావు ఏ కంపెనీ అన్నాడు. కాయితం అందుకున్నాడు. నీలం అక్షరాలు చూశాడు, సీలు మీద బొటనవేలు పెట్టి చూశాడు. సీలున్న కాయితంతో తగువు పెట్టుకోకూడదన్నది అతని ఉద్యోగం నేర్పిన మొదటి పాఠం. మడతల ప్రకారం మడిచి జాగ్రత్తగా తిరిగిచ్చేశాడు. ఆ రోజు బ్యాంకు పని వాయిదా పడింది.

పోలిరాజు కూడా అలాగే వెనక్కి తగ్గాడు. వారం తిరిగేసరికి బడిలో కంపెనీవారంటే ఇంట్లో కనబడకుండా పెత్తనం చేసే అత్తగారిలా అయిపోయారు. మీ కంపెనీవారు వెనక కూర్చోనిస్తారా అని ఒకరు అడిగారు. సామాను పెట్టనిస్తారా అని ఒకరు. దానం ప్రతిదానికీ విచారంగా తల ఊపేవాడు. అబద్ధమాడుతున్నానన్న దిగులు అతనికి లేదు. ఉన్నదే చెబుతున్నాడు. పైగా, ఇవ్వలేకపోతున్నందుకు అతనికి నిజంగానే కాస్త బాధగా ఉండేది, ఆ బాధ కూడా హాయిగానే ఉండేది. పానా ఇంట్లో చూరులో దోపేశాడు. టపాకి సైకిలు మీద వెళ్ళి, గంటన్నర పని అరగంటలో ముగించుకుని వస్తున్నాడు.

హెడ్మాస్టరుగారు అప్పుడు ఊళ్ళో లేరు. పది రోజుల శిక్షణకని కాకినాడ వెళ్ళారు. తిరిగొచ్చిన రోజున భోజనం వేళకి ఎప్పట్లా చెయ్యి చాపారు. దానం కంపెనీ సంగతి విన్నవించుకున్నాడు. ఆయన కనుబొమలు ముడిచి, "అలాగా," అని, గొడుగు తీసుకుని నడిచి వెళ్ళారు. నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి సైకిలువైపు చూశారు. ఆ చూపుకి దానం ఆ రోజు అన్నం సరిగా తినలేకపోయాడు.

ఇలా ఉండగా పోలిరాజుకి ఒక ఆలోచన వచ్చింది. తన బావమరిది చేతుల్లోంచి సొంత సైకిలు విడిపించుకోవాలంటే ఇలాంటి కాయితమే కావాలి. వెంటనే ప్రకాశరావుకి కార్డు రాశాడు. ప్రకాశరావు ఆ శుక్రవారమే దిగాడు. మధ్యాహ్నం విరామం. స్టాఫ్‌రూములో అందరూ ఉన్నారు. భోజనానికి నడిచి వెళ్ళాల్సి వస్తోందని హెడ్మాస్టరుగారు క్యారియరు తెప్పించుకుని అక్కడే తిని, చెయ్యి కడుక్కుంటున్నారు. దానం చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు.

దానం తీసుకున్నటువంటి పాలసీయే కావాలని పోలిరాజు అడిగాడు, అదే, ఎవరికీ ఇవ్వకూడదని రాసి ఉండేది.

ప్రకాశరావు సంతోషంగా నవ్వాడు. "దానంగారిది అది కాదండీ. చిన్న పాలసీ ఫారాలు ఆఫీసులో అయిపోయాయండీ. మేనేజరుగారితో మాట్లాడి, ఆ పన్నెండు రూపాయలకే పెద్దది రాయించేను. ఆయన అదృష్టం. ఎవరు తొక్కినా ఫర్వాలేదండీ."

చెంబులోంచి నీళ్ళు హెడ్మాస్టరుగారి చేతి మీద కాకుండా కాలి మీద పడ్డాయి.

మాణిక్యాలరావు దానంవైపు చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. ఇన్నాళ్ళూ ఉత్త సీలు చూసి బెదిరిపోయానే అన్న సిగ్గు కూడా ఉంది. హెడ్మాస్టరుగారు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆ కాయితం ఇలా ఇమ్మన్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న మనిషి. మూడు పేజీలూ నిలబడే చదివారు. రెండో పేజీలో ఒకచోట వేలు పెట్టి, ముందు ఇంగ్లీషులో చదివి, తరగతిలో చెప్పినట్టే నిదానంగా తెలుగులోకి మార్చారు. సొంతదారుగానీ, సొంతదారు సమ్మతితో ఇతరులెవరైనాగానీ సదరు సైకిలును నడుపుతుండగా దెబ్బతిన్నచో ఆ నష్టము కంపెనీ భరించును.

"విన్నావా," అన్నారు. కాయితం మడిచి బల్ల మీద పెట్టి, చెయ్యి చాపారు. "దానం, తాళం. తోటలో మనుషులు కాసుకుని ఉన్నారు."

దానం చెయ్యి అప్పటికే జేబులోకి వెళ్ళిపోయింది. తాళంచెవి వేళ్ళకి తగిలింది. అంతమంది ముందూ అబద్ధాలకోరుగా నిలబడ్డానన్న బెంగతో చెవులు వేడెక్కిపోయాయి. కానీ ఆయన చదివిన వాక్యంలో ఒక మాట దగ్గర అతని బుర్ర కొక్కెం తగిలినట్టు ఆగిపోయింది.

"సమ్మతంటే ఏవిటండీ?" అన్నాడు.

ఏ పిల్లాడు లేచి అర్థం అడిగినా చెప్పకుండా ఉండలేరు హెడ్మాస్టరుగారు. "సమ్మతంటే ఒప్పుకోవడం. సొంతదారు తనకిష్టమై ఇవ్వడం," అన్నారు.

"ఇష్టం లేకపోతేనండీ?"

"లేకపోతే అది సమ్మతి అవదు. పాలసీ..." అని ఆయన ఆగిపోయారు.

దానం జేబులోంచి చెయ్యి తీశాడు. చేతిలో ఏమీ లేదు.

"మరి నాకిష్టం లేదండీ," అన్నాడు. చాలా మెల్లిగా, మర్యాదగా అన్నాడు. కంపెనీవారి పేరు ఎత్తలేదు. విచారంగా తల ఊపలేదు.

హెడ్మాస్టరుగారి చెయ్యి గాలిలో కాసేపు అలాగే ఉండి, తరవాత కళ్ళజోడు సర్దుకోవడానికి వెళ్ళింది. ప్రకాశరావు ఎవరి మొహం చూడాలో తెలియక తన సంచీ జిప్పు వేసి తీశాడు. పోలిరాజు మాత్రం గుటక వేసి, తన బావమరిదితో ఇదే మాట అనడం తన వల్ల అవుతుందా అని ఆలోచిస్తున్నట్టు కనబడ్డాడు.

గంట వేళయింది. దానం వరండాలోకి వెళ్ళాడు. వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద మూడు దెబ్బలు కొట్టాల్సింది, చెయ్యి ఆగక ఇంటి గంట కొట్టేశాడు. ఒక్క నిమిషంలో నాలుగొందలమంది పిల్లలు సంచీలతో కాలవగట్టు పట్టారు. వాళ్ళని మళ్ళీ పోగుచేసి తరగతుల్లో కూర్చోబెట్టేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ తప్పుకి హెడ్మాస్టరుగారు గదిలోకి పిలిచి గట్టిగా చివాట్లు పెట్టారు. దానం తల వంచుకుని అన్నీ పడ్డాడు. అవి న్యాయమైన చివాట్లు. సైకిలు మాట ఆయన ఎత్తలేదు, ఇతనూ ఎత్తలేదు.

ఇంటికెళ్ళి జరిగిందంతా చెబితే రాహేలు పేనుతున్న తాడు ఒళ్ళో పెట్టుకుని వింది. నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. సైకిలువైపు చాలాసేపు చూసింది.

"అయితే నేను తొక్కినా కంపెనీవాళ్ళు ఏవీ అనరా?" అంది.

దానానికి ఆ ఆలోచనే రాలేదు. పద్దెనిమిదేళ్ళ కాపరంలో ఆమె సైకిలు తొక్కుతానని అనలేదు, అతనూ అడగలేదు. అమలాపురం నుంచి తెచ్చిన రోజున సీటు మీద చెయ్యి వేసి చూసి, తీసేసింది. అంతే.

"అనరు," అన్నాడు. "నేనూ అనను," అన్నాడు మళ్ళీ.

ఆదివారం చర్చి అయ్యాక, జనం పల్చబడ్డాక, ఇద్దరూ కాలవగట్టు మీదికి వెళ్ళారు. రాహేలు కుచ్చెళ్ళు పైకి దోపి, తూము రాయి మీద నిలబడి సైకిలెక్కింది. దానం రెండు చేతులా క్యారియరు పట్టుకున్నాడు. ఆమె పెడలు తొక్కితే హ్యాండిలు మర్చిపోయేది. హ్యాండిలు గుర్తొస్తే పెడలు మర్చిపోయేది. రెండుసార్లు గడ్డిలో పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. ఆ మోచెయ్యి చూసుకోకుండా ముందు సైకిలు లేవదీసింది.

మూడోసారి నాలుగు బారలు తిన్నగా వెళ్ళింది. సరిగ్గా అప్పుడు మలుపు తిరిగి హెడ్మాస్టరుగారు ఎదురొచ్చారు, తోటకి వెళుతూ, గొడుగేసుకుని, నడుచుకుంటూ. గట్టు చూస్తే నాలుగడుగుల వెడల్పు లేదు. ఒకపక్క కాలవ, ఒకపక్క వరిచేను.

దానం ప్రాణం పోయింది. నమస్కారం పెడదామంటే చేతులు క్యారియరుకి అతుక్కుపోయి ఉన్నాయి. వదిలితే రాహేలు కాలవలోకి పోతుంది.

"తప్పుకోండి బాబుగారూ, ఇది ఆగదండీ," అంది రాహేలు, ముందు చక్రం మీంచి చూపు తిప్పకుండానే.

హెడ్మాస్టరుగారు ఒక్క క్షణం నిలబడ్డారు. తరవాత పంచె ఎగ్గట్టి, ఒక కాలు చేలోకి దింపి, గట్టు వదిలిపెట్టారు. సైకిలు ఆయన్ని రాసుకుంటూ వెళ్ళింది. అది వంకరపోవడం చూసి ఆయన ఉండబట్టలేకపోయారు.

"చక్రం కేసి చూడకమ్మా. ఎదరకి చూడు. ఎక్కడికెళ్ళాలో అక్కడికి చూడు," అన్నారు గట్టిగా.

రాహేలు తలెత్తి ఎదరకి చూసింది. హ్యాండిలు వణుకు తగ్గింది. దానం క్యారియరు పట్టుకుని వెనకే పరిగెత్తాడు. చేలో ఒక కాలు, గట్టు మీద ఒక కాలు పెట్టుకుని, గొడుగు ముడిచి చంకలో ఇరికించుకుని, హెడ్మాస్టరుగారు తోటలో మనుషుల సంగతి మర్చిపోయి, వాళ్ళు ఎదరున్న కాలవ వంతెన దాకా చేరతారో లేదోనని చూస్తూ నిలబడిపోయారు.